వరి ఆకులో పొడవాటి ఆర్‌ఎన్‌ఏల లెక్క

సార్వాలో కాలువ నీరు ఆలస్యమైన ఏడాది దివిసీమ శివారు పొలాల్లో ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. నాగాయలంక, కోడూరు వైపు మడి ఆరేకొద్దీ అడుగునున్న లవణం తేమతో పాటు పైకెక్కుతుంది. గట్ల వారన తెల్లటి పొడి పేరుకుంటుంది. వరిలో ముందు ముదురాకుల కొసలు ఎండుతాయి, తర్వాత పిలకలు తగ్గుతాయి, చివరికి కంకిలో తాలు మిగులుతుంది. రైతులు దీన్ని పాలచౌడు అంటారు. సోడియం పట్టేసి, నీరింకని కారుచౌడు వేరే జబ్బు, దాని వైద్యమూ వేరే. 1977 నవంబరు 19 ఉప్పెనలో సముద్రమే వచ్చి పొలాల మీద నిలబడిన సీమ ఇది. ఉప్పు గురించి ఇక్కడి వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గుడివాడ దాటి బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వెళ్తే, రొయ్యల చెరువు పక్కన వరి వేసిన రైతు గొడవ కూడా ఉప్పే.

నేలలో ఉప్పెంతుందో చెప్పడానికి ఇ.సి. అనే కొలత ఉంది. మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పునేల కిందే లెక్క. వరికి 3 దాకా ఫరవాలేదు. ఆ పైన ఒక్కో యూనిట్ పెరిగినప్పుడల్లా దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందని చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. కానీ అన్ని రకాలూ ఒకేలా పడిపోవు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, అన్నానికి ఎంత బాగుంటుందో ఉప్పు దగ్గర అంత సుకుమారం. బందరు వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పునేలల కోసం రూపొందించిన ఎంసీఎం 100, ఎంసీఎం 101, ఎంసీఎం 103 రకాలు అదే మడిలో నిలదొక్కుకుంటాయి. రెండూ వరే. తేడా ఎక్కడుంది?

సమాధానంలో కొంత భాగం దొరికింది. కేరళ ఉప్పుకయ్యల్లో పండే పొక్కాలి నుంచి, ఒకటో క్రోమోజోములోని సాల్టోల్ అనే భాగాన్ని గుర్తించారు. తూర్పు భారతపు నాటురకం నోనా బొక్రాలో అదే చోట ఉన్న ఒక జన్యువును 2005లో చైనా శాస్త్రవేత్తలు విడదీశారు. ఆ జన్యువు చేసే ప్రోటీన్, వేరు నుంచి పైకి పోయే రసంలోని సోడియాన్ని మధ్యలోనే వెనక్కి లాగేసి ఆకుకి చేరకుండా చూస్తుంది. సుకుమార రకంలోనూ ఆ జన్యువు ఉంది. కొంత తేడా ప్రోటీన్ నిర్మాణంలో ఉంది. మిగిలింది జన్యువు ఎప్పుడు పని మొదలెడుతుంది, ఏ కణాల్లో, ఎంత గట్టిగా అన్నదాంట్లో ఉంది. దీన్నే జీవశాస్త్రంలో వ్యక్తీకరణ అంటారు. దాన్ని నడిపించే వాళ్ల జాబితాలోకి ఈ పాతికేళ్లలో కొత్తగా చేరినవి ప్రోటీన్ చెయ్యని పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు, ప్రయోగశాల భాషలో లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు.

కణం డీఎన్‌ఏలోని ఒక భాగాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీస్తుంది, ఆ నకలు చూసి ప్రోటీన్ కూర్చుతుంది. బడిలో చెప్పింది ఇంతవరకే. మనిషి డీఎన్‌ఏలో ప్రోటీన్లకు పనికొచ్చే భాగం 2 శాతం లోపే. వరి డీఎన్‌ఏ చిన్నది, సుమారు 39 కోట్ల అక్షరాలు. భారత్‌తో సహా పది దేశాల బృందం దాన్ని చదివి 2005 ఆగస్టులో ప్రకటించింది, 11వ క్రోమోజోములో కొంత భాగం చదివింది మన ఢిల్లీ వాళ్లే. అందులో ప్రోటీన్ జన్యువులు సుమారు 40 వేలు. ఇవి కాక వేరే చోట్ల నుంచి కూడా కణం నకళ్లు తీస్తూనే ఉంటుంది. వాటిలో 200 అక్షరాల కంటే పొడవుండి, ప్రోటీన్ సూచన లేనివన్నీ ఈ కోవలోకి వస్తాయి. 200 అన్నది ప్రకృతి పెట్టిన హద్దేమీ కాదు. చిన్న ఆర్‌ఎన్‌ఏలను వడగట్టే పద్ధతుల సౌలభ్యం కోసం మనిషి గీసుకున్న గీత.

వీటి కథలో మన దేశానికి పాత వాటా ఉంది. 1970లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎస్.సి. లఖోటియా, ఎ.ఎస్. ముఖర్జీ పండ్ల ఈగ లార్వాకి బెంజమైడ్ అనే రసాయనం పెట్టి చూశారు. లాలాజల గ్రంథిలోని లావుపాటి క్రోమోజోముల మీద ‘93డి’ అనే ఒకే ఒక్క చోటు ఉబ్బింది. ఉబ్బిందంటే అక్కడ జోరుగా నకళ్లు తీస్తున్నట్టు. వేడి తగిలినా ఆ చోటు ఉబ్బుతుంది. తీరా చూస్తే అక్కణ్ణించి వచ్చే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పని కేంద్రకంలోనే; దాన్ని చూసి కూర్చే ప్రోటీన్ కనిపించదు. లఖోటియా ఆ తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఆ ఒక్క జన్యువు వెంటపడ్డారు. అప్పటికి ఈ రకం ఆర్‌ఎన్‌ఏలకి పేరు కూడా లేదు. వాళ్ల కొలత సాధనం సూక్ష్మదర్శిని, ఓపిక. ఒక చోటు, ఒక ఉబ్బు. ఇవాళ అక్షరాలు చదివే సీక్వెన్సర్ యంత్రపు ఒకే పరుగులో మొత్తం 40 వేల జన్యువులూ, వాటితో పాటు వేల పొడవాటి ఆర్‌ఎన్‌ఏలూ లెక్కకొస్తాయి.

వరిలో ఈ ఆర్‌ఎన్‌ఏల సత్తా చూపించిన ఉదంతం ఉప్పుకి సంబంధించింది కాదు, పుప్పొడికి సంబంధించింది. 1973లో చైనాలోని హుబే రాష్ట్రంలో షి మింగ్‌సాంగ్ అనే ఆయన నోంగ్‌కెన్ 58 అనే రకం పొలంలో ఒక వింత మొక్కని గుర్తించాడు. పగలు ఎక్కువగా ఉండే రోజుల్లో దానికి పుప్పొడి పనిచెయ్యదు. పగలు తగ్గితే మామూలుగా గింజ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం చేసేవాళ్లకి ఇంతకంటే వరం లేదు. వేసవిలో మగతనం లేని తల్లి మొక్కగా వాడుకోవచ్చు, పగలు తగ్గాక అదే మొక్క నుంచి విత్తనం పెంచుకోవచ్చు. రెండు వరసల హైబ్రిడ్ వరి మొదలైంది ఆ మొక్కతోనే.

కారణం తెలియడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. 2012లో ఊహాన్‌లోని హువాఝోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బృందం చెప్పినదేమంటే: అక్కడ ప్రోటీన్ జన్యువు లేదు, 1,236 అక్షరాల పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఉంది. దానికి ఎల్‌డీఎంఏఆర్ అని పేరు పెట్టారు. వింత మొక్కలో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ఆ ఆర్‌ఎన్‌ఏ మడత మారింది, దాని జన్యువుకి ముందున్న డీఎన్‌ఏ మీద మిథైల్ ముద్రలు పెరిగాయి, పగలు ఎక్కువున్న రోజుల్లో ఆర్‌ఎన్‌ఏ మోతాదు పడిపోయింది, పుప్పొడి తిత్తుల్లో కణాలు వేళకాని వేళ చచ్చిపోయాయి. పగలు ఎక్కువైన రోజుల్లో పుప్పొడి బాగుండాలంటే ఈ ఆర్‌ఎన్‌ఏ తగినంత మోతాదులో ఉండాలి. ఇక్కడ మనకి కావలసిన మాట ‘తగినంత’. ఆ ఆర్‌ఎన్‌ఏ ఉందా లేదా అని మాత్రమే చూసి వదిలేసి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. ఎంత ఉందో కొలవాల్సి వచ్చింది.

ఇంకో మలుపు కూడా ఉంది. అదే ఏడాది మరో చైనా బృందం అదే చోటు, అదే అక్షరం మార్పు పట్టుకుని, అసలు పనిచేసేది పొడవాటి ఆర్‌ఎన్‌ఏ కాదనీ, దాని నుంచి తెగి వచ్చే 21 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ అనీ వాదించింది. మార్పు ఒకటే, వివరణలు రెండు. కొలిచే పద్ధతి చిన్నవాటిని వడగట్టి పారేసేదైతే రెండో వివరణ ఎప్పటికీ కనిపించదు. యంత్రం ఏం చూపిస్తుందన్నది దాంట్లో మనం ఏం వేశామన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు మన పొలానికి వద్దాం. ఉప్పు తగిలినప్పుడు ఎంసీఎం రకంలో ఏ పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు పెరుగుతాయి, బీపీటీలో ఏవి పెరగవు అని తెలుసుకోవాలనుకున్నాం. తోచే దారి ఇది: పొద్దున గుడివాడలో మంచినీటి మడికి వెళ్లి ఆకులు కోసుకుని, మధ్యాహ్నానికి నాగాయలంక చేరి ఉప్పు మడిలో ఆకులు కోసుకుని, రెండూ యంత్రానికి ఇవ్వడం. యంత్రం నిజాయితీగా వేల తేడాలు చూపిస్తుంది. వాటిలో ఉప్పు వల్ల వచ్చినవి ఏవో ఎవరూ చెప్పలేరు. రెండు ఊళ్ల మట్టి వేరు, ఎరువు వేరు, ఊడ్చిన తేదీ వేరు. అన్నిటికంటే మించి, పొద్దున కోసిన ఆకూ, మధ్యాహ్నం కోసిన ఆకూ ఒకటి కావు. మొక్కకి లోపల ఒక గడియారం ఉంది. ఎన్నో జన్యువుల మోతాదు పొద్దుతో పాటు ఎక్కుతుంది, దిగుతుంది. ఉప్పు అనుకుని మనం కొలిచేది సగం ఎండనే కావచ్చు.

అందుకే ఈ పని మొదట పొలంలో కాదు, తొట్లలో. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాడిన యోషిడా ద్రావణంలో నారు పెంచి, సగం తొట్లకి ఉప్పు కలుపుతారు. నారుదశలో రకాలను జల్లెడ పట్టడానికి ఇ.సి. 12 దాకా తీసుకెళ్లడం రివాజు. రెండు రకాలు, ఉప్పు ఉన్నవి, లేనివి, ఆకు, వేరు విడివిడిగా, ఒక్కోదానికి నాలుగు వేర్వేరు మొక్కలు. మొత్తం 32 నమూనాలు. ఒకే మొక్కని నాలుగుసార్లు కొలిస్తే నాలుగు మొక్కలైనట్టు కాదు. ఈ పొరపాటు అచ్చయిన పత్రాల్లో కూడా కనిపిస్తుంది. వేరుని వదిలెయ్యడం ఇంకో పొరపాటు. ఉప్పుతో మొదటి తగాదా అక్కడే కదా, ఆకు సులభంగా దొరుకుతుందని ఆకుతోనే సరిపెట్టుకుంటే ఎలా?

కోసిన మరుక్షణం ఆర్‌ఎన్‌ఏ చెడిపోవడం మొదలవుతుంది. దాన్ని నమిలే ఎంజైములు ఆకులోనూ ఉన్నాయి, మన వేళ్ల మీదా ఉన్నాయి. ఆకు తుంపిన క్షణాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి. పల్లెలో అదెక్కడ దొరుకుతుందని అడగొచ్చు. పశువులకి ఎద సూది వేసే గోపాలమిత్రల దగ్గర వీర్యం గొట్టాలు దాచే డబ్బాలో ఉండేది అదే. అంటే ఈ ముడిసరుకు రవాణా కృష్ణా జిల్లా పల్లెలకి కొత్త కాదు.

గడ్డకట్టిన ఆకుని చల్లటి కల్వంలో పొడి చేసి, గులాబీ రంగు ట్రైజాల్ ద్రావణం పోస్తారు. ముక్కు పగిలే ఫినాల్ వాసన. క్లోరోఫాం కలిపి గిర్రున తిప్పితే గొట్టంలో మూడు పొరలు తేలుతాయి: అడుగున గులాబీ, నడుమ తెల్లటి తెట్టు, పైన నీళ్లలాంటి పొర. ఆర్‌ఎన్‌ఏ ఉండేది పై పొరలో. దాన్ని తీసేటప్పుడు నడిమి తెట్టు తగిలిందా, డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. పై పొరకి ఐసోప్రొపనాల్ కలిపి మళ్లీ తిప్పితే గొట్టం అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లటి మరక పడుతుంది. ఇంత చేస్తే వచ్చేది అదే. ఈ పద్ధతి మూలం 1987లో చోమ్‌చిన్‌స్కీ, సాకీ ప్రచురించిన చిన్న పత్రం. ఇవాళ్టికీ ప్రపంచమంతా అదే వాడుతోంది.

మరక నీటిలో కరిగించి నాణ్యత చూస్తారు. 1 నుంచి 10 దాకా మార్కులు. 7 పైన వస్తే ముందుకి. పచ్చటి ఆకు విషయంలో ఈ మార్కుని కళ్లు మూసుకుని నమ్మకూడదు, హరితరేణువుల సొంత రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ లెక్కని చెడగొడుతుంది.

ఇక అసలు చిక్కు. కణంలోని ఆర్‌ఎన్‌ఏలో 80 నుంచి 90 శాతం రైబోజోమ్‌లదే. దాన్ని తీసెయ్యకపోతే డబ్బంతా దాన్నే చదవడానికి పోతుంది. రెండు దారులున్నాయి. తోకలో ‘ఏ’ అక్షరాల వరస ఉన్నవాటిని మాత్రమే ఏరుకోవడం ఒకటి, చవక, శుభ్రం. కానీ పొడవాటి ఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి ఆ తోక ఉండదు, అవి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని మాత్రమే వెతికి తొలగించి మిగతాదంతా ఉంచడం రెండోది. ఖర్చెక్కువ, చెత్త కూడా ఎక్కువ. ఈ పనికి నేనైతే రెండోదే అంటాను. మొదటి పద్ధతిలో చేసి ‘వరిలోని పొడవాటి ఆర్‌ఎన్‌ఏలన్నీ’ అని శీర్షిక పెట్టిన పత్రం కనిపిస్తే ‘అన్నీ’ అన్న మాటని కొట్టేసి చదువుకోవాలి.

ఇంకో మెలిక: డీఎన్‌ఏకి రెండు పోగులు. ఒక పోగు మీద ప్రోటీన్ జన్యువు ఉంటే సరిగ్గా దానికి ఎదురు పోగు మీద పొడవాటి ఆర్‌ఎన్‌ఏ జన్యువు ఉండొచ్చు. ఏ ముక్క ఏ పోగుదో గుర్తు నిలిచేలా నమూనా తయారు చెయ్యకపోతే ఇద్దరి పద్దు ఒకే ఖాతాలో పడుతుంది.

తర్వాత ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసి డీఎన్‌ఏగా తిప్పి, ప్రతి నమూనాకి గుర్తుగా ఒక అక్షరాల వరస తగిలించి, అన్నీ కలిపి సీక్వెన్సర్‌కి ఇస్తారు. ఇల్యూమినా యంత్రం గాజు పలక మీద ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా వెలుగుని ఫొటో తీసి, 150 అక్షరాల చొప్పున కోట్ల ముక్కలు చదువుతుంది. 32 నమూనాలకి తలా 5 కోట్ల ముక్కలంటే 160 కోట్లు. హైదరాబాద్ లాంటి చోట రోజుల్లో అయ్యే పని ఇది.

అన్ని కోట్లు ఎందుకు? పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు తక్కువగా ఉంటాయి, ప్రోటీన్ జన్యువుల నకళ్లతో పోలిస్తే సగటున పదో వంతు. కళ్లంలో ధాన్యం రాశిలో కేళీలు ఎన్నున్నాయో చూడాలంటే గుప్పెడు తీస్తే ఒక్కటీ రాకపోవచ్చు, తట్టెడు తీస్తేనే లెక్క తెలుస్తుంది. పది లక్షల్లో ఒకటిగా ఉన్న ఆర్‌ఎన్‌ఏకి 5 కోట్ల ముక్కల్లో సుమారు 50 వస్తాయి, నమ్మొచ్చు. కోటికి ఒకటిగా ఉన్నదానికి 5 వస్తాయి. అదే నమూనా మళ్లీ చదివితే 2 రావచ్చు, 8 రావచ్చు. ‘ఉప్పులో నాలుగు రెట్లు పెరిగింది’ అనే వార్త కొన్నిసార్లు ఈ 2కీ 8కీ మధ్య పుడుతుంది.

దీని మీద ఇంకో లెక్క. ఒక్కో జన్యువుకి 5 శాతం పొరపాటుని అనుమతించి 40 వేల జన్యువులు పరీక్షిస్తే, ఉప్పు ఏ ప్రభావమూ చూపకపోయినా 2 వేల జన్యువులు ‘మారాయి’ అని తేలతాయి. అందుకే గణాంకాల వాళ్లు దిద్దుబాటు చేస్తారు. ఆ దిద్దుబాటు చేశాక మిగిలిన సంఖ్యనే పట్టించుకోవాలి. ఉప్పు తొట్ల నమూనాలన్నీ సోమవారం, మంచినీటివన్నీ గురువారం తయారు చేస్తే మాత్రం ఏ దిద్దుబాటూ కాపాడదు. ఉప్పు తేడా, వారం తేడా కలిసిపోతాయి. పళ్లెంలో నమూనాలని కలగలిపి పెట్టడమే దానికి మందు.

మిగిలినవాటిని ఆర్‌టీ-పీసీఆర్‌తో సరిచూస్తారు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షే. అప్పుడు ఊరూరా వినబడ్డ సీటీ విలువే ఇక్కడా కొలత: ఒక్కో చక్రానికి రెట్టింపు అవుతుంది కాబట్టి మూడు చక్రాల ముందు కనిపించింది ఎనిమిది రెట్లు ఎక్కువున్నట్టు. 384 గుంటల పళ్లెంలో వందల పరీక్షలు ఒకేసారి నడుస్తాయి. పొడవాటి ఆర్‌ఎన్‌ఏల దగ్గర ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. వీటిలో చాలావాటి జన్యువుల్లో కోతలు, అతుకులు ఉండవు, అంటే ఆర్‌ఎన్‌ఏ నకలూ డీఎన్‌ఏ మూలమూ ఒకేలా ఉంటాయి. మూడు పొరల దగ్గర కాస్త తెట్టు కలిసి ఉంటే పీసీఆర్ డీఎన్‌ఏనే లెక్కపెట్టి పెరిగిందని చెబుతుంది. డీఎన్‌ఏని నమిలే ఎంజైము వెయ్యాలి. ఆర్‌ఎన్‌ఏని తిప్పే ఎంజైము లేకుండా ఒక గుంట నడపాలి. ఆ గుంటలో వెలుగు వచ్చిందా, కల్తీ ఉన్నట్టే.

కొత్త పరికరాలు కొన్ని లోట్లు తీరుస్తున్నాయి. నానోపోర్ యంత్రం ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చెయ్యకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతుంది. ఒక్కో కణాన్ని విడిగా కొలిచే పద్ధతీ ఉంది. వేరులో సోడియాన్ని వెనక్కి లాగే కణాలు రసనాళాల చుట్టూ కొన్నే కాబట్టి, వేరంతా కలిపి నూరితే వాటి గొంతు సగటులో మునిగిపోతుంది.

ఇంత జాగ్రత్తగా కొలిచినా, ఒక ఆర్‌ఎన్‌ఏ పెరిగినంత మాత్రాన అది పని చేస్తున్నట్టు కాదు. 2012లో ఎన్‌కోడ్ బృందం మనిషి డీఎన్‌ఏలో 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన చర్య ఉందని ప్రకటిస్తే, మరుసటి ఏడాది డాన్ గ్రౌర్ వంటి పరిణామ శాస్త్రవేత్తలు గట్టిగా తిరగబడ్డారు. నకలు తీసినంత మాత్రాన ఉపయోగం ఉన్నట్టా అని. నా ఓటు వాళ్లకే. నకళ్లు తీసే యంత్రాంగం అప్పుడప్పుడూ ఊరికే కూడా తిరుగుతుంది. పని ఉందని తేలాలంటే ఆ ఆర్‌ఎన్‌ఏని తగ్గించి, పెంచి, మొక్క ఉప్పులో ఎలా ఉందో చూడాలి. పెరిగిన వందల పేర్ల జాబితాతో ముగిసే పత్రం ఇంకా సగం దారిలోనే ఉంది.

బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది, ఉప్పు తట్టుకునే విత్తనం ఇచ్చిన పరిశోధన స్థానం అదే ఊళ్లో ఉంది. సీక్వెన్సర్ లేదని ఆగాల్సిన పని లేదు. ప్రపంచంలో చదివిన వరి ఆర్‌ఎన్‌ఏ సమాచారం చాలావరకు అమెరికా వాళ్ల ఎస్‌ఆర్‌ఏ నిధిలో ఉచితంగా దొరుకుతుంది. 2022లో ఫరీదాబాద్‌లో మన దేశానికీ ఇలాంటి జీవసమాచార కేంద్రం వచ్చింది. ఎమ్మెస్సీ చేసే పిల్లలు ఆ నిధిలో ఉప్పు ప్రయోగాలు తీసుకుని పని మొదలుపెట్టవచ్చు. అయితే దించుకునే ముందు నాలుగు విషయాలు చూడండి: ఎన్ని వేర్వేరు మొక్కలు, ఏ గంటకి కోశారు, తోక చూసి ఏరారా లేక రైబోజోమ్‌ది తొలగించారా, పోగు గుర్తు ఉందా. ఈ నాలుగూ రాసి లేని సమాచారాన్ని, అది ఎంత పెద్ద సంస్థది అయినా, పక్కన పెట్టండి. రేపు మీరే కోడూరు మడిలో ఆకు కోసినప్పుడు ఈ నాలుగుతో పాటు ఆ మడి ఇ.సి. కూడా రాసిపెట్టండి.